మోగితే ముందు మనిషిని చూడు

మార్చి 3

అక్కా,

పిడికెడుగాడు ఇంటికొచ్చాడు. పుట్టినప్పుడు నా అరచేతిలో ఇమిడిపోయినవాడు ఇప్పుడు మోచేతి దాకా వచ్చాడు. నెలలు నిండకుండా తొందరపడ్డందుకు శిక్షగా ఇన్నాళ్ళూ ఆస్పత్రి గాజుపెట్టెలో పడుకున్నాడు కదా, ఇంటి గోడలన్నీ వింతగా చూశాడు. నీ మరదలు ఏడ్చింది. నేను ఏడవలేదు. తలుపు గొళ్ళెం సరిచేసే నెపంతో అటు తిరిగాను.

వాడితోపాటు ఒక డబ్బా కూడా వచ్చింది. వాడి ఛాతీ చుట్టూ బెల్టు, బెల్టు నుంచి రెండు తీగలు, తీగల చివర ఈ డబ్బా. ఇలా తొందరపడి పుట్టిన పిల్లలు ఒక్కోసారి ఊపిరి తీసుకోవడం మరిచిపోతారట. మరిచిపోతే ఇది అరుస్తుంది. దీని పేరు మానిటరు. ఆ మాట వినగానే నాకు నవ్వొచ్చింది. "ఎందుకండీ నవ్వుతున్నారు?" అంది డాక్టరమ్మ. ఏమని చెప్పను? జూలో నేను రోజూ తిండి పెట్టే ఉడుముల అద్దం మీద ఇంగ్లీషులో రాసి ఉండే పేరు అదే. నీ ఆస్పత్రిలో నువ్వు కూచునే గదికీ అదే పేరు. చిన్నప్పుడు, రెండు తరగతులూ ఒకే గదిలో కూచున్న ఆ బడిలో, మేష్టారు బయటికెళ్తే మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసే మానిటరువి నువ్వే. మొదటి పేరు ఎప్పుడూ సొంత తమ్ముడిదే! ఒక్క మాట మన ఇంటిని ఇలా పట్టుకుందేమిటో.

ఆ నవ్వు ఆస్పత్రి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఇంటికొచ్చిన రోజే డబ్బా మోగింది. వంటింట్లోంచి పరుగెత్తాను. గడప తగిలి కాలి గోరు లేచిపోయింది. తీరా చూస్తే మావాడు కళ్ళు తెరిచి 'ఎవడ్రా వీడు' అన్నట్టు నన్నే చూస్తున్నాడు. అప్పటినుంచీ అది మోగనప్పుడు కూడా నా చెవుల్లో మోగుతూనే ఉంది. నీ మరదలి సెలవు అయిపోయింది. బస్సు డిపోలో డ్రైవర్లకు డ్యూటీలు వేసే పనికి మళ్ళీ వెళ్తోంది. నాకింకా సెలవుంది కాబట్టి పగలంతా ఇంట్లో వాడూ, నేనూ, డబ్బా.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోను చెవికి పెట్టుకుంటే మోత వినపడదేమోనని భయం. ఉత్తరమైతే ఒక చెవి అటు వేసి రాసుకోవచ్చు.

నువ్వు రోజూ ఇలాంటి మోతలు వందలు వింటావు. ఏది నిజమో, ఏది ఉత్తుత్తిదో నీకెలా తెలుస్తుంది? చెప్పు. నాకు చాలా భయంగా ఉంది అక్కా.

గోరు లేచిన
నీ తమ్ముడు

మార్చి 9

ఒరేయ్ గోరుగాడా,

ముందు కాలికి మందు రాసుకుని రా. తర్వాత చదువుదువుగాని.

నా గది సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. దానికి కిటికీ లేదు. ఎదురుగా గోడ నిండా తెరలు. ఒక్కో మంచానికి ఒక్కో ఆకుపచ్చ గీత. పై అంతస్తుల్లో పడుకున్నవాళ్ళ గుండెలన్నీ నా ముందు వరసగా నడుస్తుంటాయి. ఇన్నేళ్ళలో వాళ్ళలో ఒక్కరి ముఖం కూడా చూసి ఎరగను. అలవాట్లు మాత్రం గీతను బట్టి చెప్పేస్తాను. ఒకాయన గీత పొద్దున్నే భయంకరంగా గంతులేసేది. కొత్తలో పాపం నర్సును పరుగులు పెట్టించాను. తీరా ఆయన పళ్ళు తోముకుంటున్నాడు! పక్కకు తిరిగినా, గోక్కున్నా, గట్టిగా నవ్వినా అలారం మోగుతుంది. నూటికి తొంభై తీగ గొడవే. నా పక్కకుర్చీ ఆవిడైతే మోత వినగానే "తీగ" అని ఒక్క మాట అని టీ అందుకుంటుంది. ఇంతవరకూ ఆవిడ మాట తప్పలేదు.

నాకు పని నేర్పిన పెద్దాయన ఒకటే సూత్రం చెప్పాడు. "మోగితే ముందు మనిషిని చూడు, తర్వాత మిషన్ని చూడు." పెదాల రంగు బాగుందా, పొట్ట ఎగిరి దిగుతోందా, చూడు. బాగుంటే బెల్టు వదులైందని అర్థం. బిగించి నీ కాఫీ నువ్వు తాగు. రంగు మారితే మాత్రం అరికాలు తట్టి లేపు, డాక్టరమ్మ ఇచ్చిన నంబరుకు ఫోను చెయ్యి. అంతే చదువు.

ఆయనే ఇంకో మాట అనేవాడు. మానిటరు అనే మాట పుట్టుకలో అసలు చూడటమే లేదట, హెచ్చరించడమే ఉందట. రెప్ప వెయ్యకుండా చూస్తూ కూచోవడం మనం తర్వాత నెత్తికెత్తుకున్న బరువు. బోర్డు మీద నీ పేరు రాయడం కూడా హెచ్చరికే అని ఇప్పుడైనా ఒప్పుకో. రాయకపోతే మేష్టారు వచ్చి నీ వీపు చితక్కొట్టేవాడు. రాసినా చితక్కొట్టాడనుకో, అది వేరే సంగతి.

డబ్బాలో దాచిన గీతలు కాగితం మీద అచ్చువేసి ఇస్తారు. అడిగి తీసుకుని నాకు పంపు. నేను చూసి చెబితే నీకు కాస్త నిద్ర పడుతుంది.

నేను గుండ్రాయిలా ఉన్నాను. మెట్లెక్కితే ఆయాసం, కాస్త కళ్ళు తిరగడం. రోజంతా కూచునే ఉద్యోగానికి ఇంకేం వస్తుంది? డ్యూటీలు వెయ్యాల్సింది డ్రైవర్లకే కాదు, మొగుడికి కూడా అని మరదలితో చెప్పు. వంతులు వేసుకుని నిద్రపోండి.

బోర్డు మీద పేర్లు రాసే
మీ అక్క

మార్చి 16

అక్కగారికి, బోర్డు మీది మొదటి పేరుగాడి దణ్ణాలు.

నీ సూత్రం పనిచేసింది. నిన్న మోగితే పరుగెత్తలేదు, నడిచాను. ముందు మనిషిని చూశాను. పెదాలు దానిమ్మ గింజల్లా ఉన్నాయి. బెల్టు జారి నడుముకొచ్చింది. బిగించాను. కాఫీ కూడా తాగాను. నీ మరదలు ఇంటికొచ్చాక చెబితే, "అక్క చెబితే వింటావు, పెళ్ళాం చెబితే వినవు" అని మూతి తిప్పింది కానీ సంతోషించింది.

కాగితం పంపుతున్నాను. నాకైతే చీమలు సిరాలో పడి లేచి నడిచినట్టుంది. ఏప్రిల్ మొదట్లో చూపించుకోవడానికి వెళ్తాం. అప్పటిదాకా ఏ ఇబ్బందీ లేకపోతే డబ్బా తీసేస్తానంది డాక్టరమ్మ.

నీ పెద్దాయన మాట మా ఉడుముకు సరిగ్గా సరిపోయింది. ఇది వెనక కాళ్ళ మీద నిలబడి మెడ సాచి చూస్తుంది. మొసలి వస్తోందని మనుషుల్ని హెచ్చరించడానికే అలా నిలబడుతుందని వెనకటికి ఎవరో అనుకున్నారట. అందుకే ఆ పేరు అంటారు. దానికి మన బాగోగులెందుకు? నా చేతిలో గిన్నె ఉందో లేదో చూసుకుంటుంది, అంతే. దీంతో ఒక్కటే చిక్కు. ఒంట్లో బాగాలేకపోతే చెప్పదు. నలతగా కనపడితే ఇంకోటి వచ్చి తినేస్తుందని దాని భయం. నిక్కచ్చిగా నిలబడే ఉంటుంది. గిన్నె వైపు తల తిప్పడం మానేశాక గాని మనకు తెలియదు. పోయినేడు ఒకటి అలాగే పోయింది.

పిడికెడుగాడు నా వేలు పట్టుకుంటే మాత్రం అసలైన ఉడుం పట్టే. విడిపించుకోవడానికి నేనే బతిమాలుకోవాలి.

కాగితం చూసి ఒక్క మాట రాయి. 'బాగుంది' అని రాస్తే చాలు, ఇంకేం వద్దు.

కాఫీ తాగిన
నీ తమ్ముడు

మార్చి 23

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. పని ఎక్కువగా ఉంది.

ఒక్క విషయం చెప్పాలి. తీగ గొడవేలే అని తేలిగ్గా తీసుకోమని రాశాను కదా, ఆ మాట మరిచిపో. మోగిన ప్రతిసారీ వెళ్ళు. త్వరగా వెళ్ళు. అక్కడ పడుకున్నవాడికి మనం వస్తున్నామో లేదో తెలియదు. తెలియకుండా ఎదురుచూడటం ఎంత కష్టమో కుర్చీలో కూచున్నన్నాళ్ళూ నాకు తట్టలేదు. వాడి పక్కనే ఉండు.

మరదలికి ఆశీస్సులు.

అక్క

మార్చి 27

అక్కా,

కాగితంలో ఏం చూశావు?

నీ ఉత్తరం నాలుగు వైపులా తిప్పి చదివాను. కాగితం ఊసే లేదు. నేనడిగిన ఒక్క మాటా లేదు. పదిహేను రోజుల కిందట కాఫీ తాగమన్నదానివి ఇప్పుడు పక్కనే ఉండమంటున్నావు. మధ్యలో నీకు అందింది ఆ కాగితం ఒక్కటే. పైగా పెన్సిలుతో రాశావు. నువ్వు పెన్సిలుతో ఉత్తరం రాయడం నేనెప్పుడూ చూడలేదు. అక్షరాలు వంకర్లు పోయాయి. బోర్డు మీద నా పేరు ముత్యాల్లా రాసిన చెయ్యి అది. ఏదో రాయబోయి రాయలేకపోయావని నాకు తెలుస్తోంది.

భయపడుతూనే ఫోను కూడా చేశాను. ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

వాడి ఉయ్యాల ఊడదీసి మంచం పక్కకు తెచ్చాను. తీగ బిగుసుకుంటుందని నీ మరదలిని ఒళ్ళో పెట్టుకోనివ్వడం లేదు. స్నానం కూడా తడిగుడ్డతోనే. కూచునే నిద్రపోతున్నాను, నిద్ర అనొచ్చో లేదో. నిన్న వాడు చక్కగా నవ్వుతున్నాడట. నేను డబ్బా మీద పచ్చ దీపం చూస్తున్నాను. "అయ్యో, నవ్వాడు, చూడలేదా!" అంది నీ మరదలు. చూడలేదు.

రేపు బయల్దేరి వచ్చెయ్యమంటావా? ఎదురుగా అడుగుతాను. ఏదైనా సరే చెప్పు, నేను తట్టుకుంటాను.

తమ్ముడు

మార్చి 31

నాన్నా,

నువ్వు ఇప్పుడు ఇక్కడికి రావద్దు. గట్టిగా చెబుతున్నాను, రావద్దు.

కాగితం సంగతి తీరిగ్గా మాట్లాడుకుందాం. దాని గురించి నువ్వు ఏవేవో ఊహించుకోకు. ముందు వేళకు తిను. బిడ్డను వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టు, తీగకేమీ కాదు.

వాడి ఫోటో ఒకటుంటే పంపు. చూడాలని ఉంది.

అక్క

ఏప్రిల్ 4

అక్కకు,

ఫోటో అడిగావు. ఎందుకడిగావో నాకు అర్థమైంది. నీ మరదలికి ఆ ఉత్తరం చూపించలేదు.

నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. వాణ్ణి అటూ ఇటూ తిప్పి చూసింది, విన్నది, డబ్బాలో గీతలూ చూసింది. "ఇంక ఇది అక్కర్లేదండీ, తీసేద్దాం" అంది. నేను వద్దన్నాను. ఎందుకంది. మా అక్క మానిటరు గదిలో పనిచేస్తుంది, ఆవిడకు ఏదో కనపడిందన్నాను. "ఏం కనపడింది?" అని అడిగింది. బెల్టు విప్పబోతే ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. డాక్టరు చెయ్యి పట్టుకున్నానక్కా! నీ మరదలు సిగ్గుతో తలదించుకుంది.

ఇంటికొచ్చాక అడిగింది. "నువ్వు బిడ్డను చూస్తున్నావా, డబ్బాను చూస్తున్నావా?" నేను అరిచాను. ఆ అరుపుకు వాడు జడుసుకుని ఏడ్చాడు, డబ్బా మోగింది, ముగ్గురమూ ఒకేసారి గోలపెట్టాం. "ఆదివారం దాకా చూస్తాను. ఈలోగా నువ్వు మనిషివి కాకపోతే వాణ్ణి తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతా" అంది. అది ఉత్తమాటలు చెప్పే మనిషి కాదని నీకూ తెలుసు.

డబ్బా తీస్తే బిడ్డ ఏమవుతాడో అని, తియ్యకపోతే ఇల్లేమవుతుందో అని. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నీకు తెలిసింది చెప్పకుండా నువ్వు దూరంగా కూచున్నావు. రావద్దంటావు, ఫోనెత్తవు. నా కొడుకు గురించి నాకే చెప్పనిదానివి నాకు అక్కవెలా అవుతావు? ఈసారి కూడా దాటేస్తే నేనింక ఉత్తరం రాయను.

– 

ఏప్రిల్ 7

తమ్ముడూ,

నువ్వు పంపిన కాగితం నేను విప్పనేలేదు. మడత మడతగానే నా దిండు కింద ఉంది.

అది అందిన రోజు పనిలో కుర్చీలోంచి పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి మా ఆస్పత్రిలోనే పై అంతస్తులో మంచం మీద ఉన్నాను. ఛాతీ నిండా తీగలు. నా గుండె ఉండుండి ఒక దెబ్బ మింగేస్తోందట, ఒక్కోసారి వరసగా రెండు మూడు. మెట్ల మీద వచ్చిన ఆయాసం అదేనట. పిడికెడుగాడు ఊపిరి మరిచిపోతే నేను గుండె మరిచిపోతున్నాను. మేనత్త పోలిక ఎక్కడికి పోతుంది చెప్పు! గుర్తుచెయ్యడానికి చర్మం కింద చిన్న పరికరం పెడతారు. మధ్యలో జ్వరం తగులుకోవడంతో ఇన్నాళ్ళూ ఆగింది. పడుకుని రాస్తే పెన్నులో సిరా దిగదు, అందుకే పెన్సిలు. నా ఉత్తరాలు పక్కకుర్చీ ఆవిడే పోస్టు డబ్బాలో వేస్తోంది, నీవి ఇంటి నుంచి తెచ్చిస్తోంది.

ఇక్కడికొచ్చిన మొదటిరోజు పక్కకు తిరిగితే తీగ ఊడి అలారం మోగింది. కింద మా గదిలో ఏం జరుగుతోందో నాకు కళ్ళకు కట్టినట్టు తెలుసు. పక్కకుర్చీ ఆవిడ "తీగ" అని ఉంటుంది, అది నిజమే కూడా. అయినా ఎవరూ రాని ఆ కాసేపూ నా ప్రాణం నా దగ్గర లేదు. నూటికి తొంభై అని నీకు రాశాను చూడు, మంచం మీద ఉన్నవాడికి నూరెక్కడిది? వాడికున్నది ఒక్కటే. ఆ బాధలో నీకు ఆ ఉత్తరం రాశాను. అందులో ప్రతి మాటా నా గురించే. నా కష్టం నీ కొడుకు మీద పడుతుందని ఊహించలేకపోయాను.

ఎందుకు దాచానంటావా? నీకొక డబ్బా చాలదూ, నన్ను కూడా చూస్తూ కూచోవడానికి! ఫోనెత్తితే గొంతును బట్టే కనిపెట్టేస్తావు. ఎదురుగా వస్తే తీగలు చూసి బెంబేలెత్తుతావు. ఫోటో అడిగింది మేనల్లుణ్ణి చూడాలన్న ఆశతోరా, ఇంకెందుకూ కాదు.

ఇవాళ కాగితం విప్పాం. నేనూ, పక్కకుర్చీ ఆవిడా దుప్పటి మీద ఈ చివర నుంచి ఆ చివరకు పరిచి చూశాం. బెల్టు జారిన చోట గీత పిచ్చిగా ఉంది. మిగిలినదంతా ఊపిరి వెనక ఊపిరి చక్కగా నడిచింది. నువ్వడిగిన ఒక్క మాట ఇదిగో. బాగుంది. కానీ నా మాట మీద డబ్బా తియ్యకు. నేను చూసింది కాగితాన్ని, డాక్టరమ్మ చూసింది బిడ్డను. ఆవిడ దగ్గరికి వెళ్ళి ఆవిడ చెప్పినట్టు చెయ్యి.

నాకు పన్నెండో తారీఖు పొద్దున పెడతారు. ఇంటివాళ్ళు ఎవరైనా వస్తారా అని అడిగారు. అందరూ పనుల్లో ఉన్నారని చెప్పాను. నాకూ భయంగా ఉందిరా.

అక్క

ఏప్రిల్ 9

అక్కా,

వస్తున్నాం, ముగ్గురమూ. రేపు బయల్దేరి ఎల్లుండి మధ్యాహ్నానికి నీ దగ్గరుంటాం. రావద్దని రాసే వ్యవధి నీకు ఇవ్వకూడదనే సరిగ్గా బయల్దేరే ముందు రాస్తున్నాను.

పెన్సిలు చూశాను, వంకర అక్షరాలు చూశాను, ఫోనెత్తకపోవడం చూశాను. అన్నీ చూసి నా కొడుకు గురించే అనుకున్నాను. ఆయాసమని నువ్వు ముందే రాస్తే చదివి పక్కన పెట్టాను. రోగం దాచుకునే జంతువును రోజూ కనిపెట్టి చూసే ఉద్యోగం నాది! సిగ్గుగా ఉంది.

డాక్టరమ్మకు క్షమాపణ చెప్పుకున్నాను. ఆవిడే బెల్టు విప్పింది. వాడి ఛాతీ చుట్టూ ఎర్రగా అచ్చు పడి ఉంది, నీ మరదలు నూనె రాసింది. డబ్బా తిరిగి ఇచ్చేశాం. ఇంటికొచ్చాక చేతులు ఊరుకోక బట్టల సంచీలో దానికోసం వెతికాను. లేదు. కూచుండిపోయాను. నా నిద్ర సంగతి అడక్కు, ఇప్పుడు మోతే లేదు కాబట్టి ఇంకా ఎక్కువగా వింటున్నాను.

ధైర్యంగా ఉండు.

నీ తమ్ముడు

ఏప్రిల్ 11

ఒరేయ్ నిద్రమొహమా,

నువ్వు ఎదురుగా కుర్చీలోనే ఉన్నావు. ఉత్తరమెందుకంటే, నిన్ను లేపబుద్ధి కాలేదు.

జరిగింది చెబుతాను, లేకపోతే నువ్వు నమ్మవు. వస్తూనే నువ్వు నా తీగలూ, తెరా, మందు సీసా అన్నీ తనిఖీ చేసి కుర్చీలో కూలబడ్డావు. తర్వాత మరదలు పిడికెడుగాణ్ణి నా ఛాతీ మీద పడుకోబెట్టి ఏదైనా తినడానికి తెస్తానని కిందికి వెళ్ళింది. వీడు నా మీద కాసేపు మెలికలు తిరిగాడు. వీడి ఊపిరి నా మెడకు తగులుతోంది. ఇన్నేళ్ళూ గీతలు చూశాను గాని, ఊపిరి ఇంత వెచ్చగా ఉంటుందని ఎవరు చెప్పారు నాకు?

అంతలో వీడి చేతికి నా తీగ దొరికింది. నువ్వు రాసిందంతా నిజమే, అది ఉడుం పట్టే. ఒక్క పీకు పీకాడు. తెర మీద గీత సాపుగా పడిపోయింది. అలారం మొదలైంది. ఆస్పత్రి అలారమంటే నీ ఇంటి డబ్బాలా ముద్దుగా ఉండదు, గోడలు దద్దరిల్లుతాయి. నర్సు పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనకే పక్కకుర్చీ ఆవిడ, కుర్చీ ఇంకొకరికి అప్పగించి, చెప్పులు కూడా లేకుండా మెట్లన్నీ ఎక్కి వచ్చింది. ఈసారి ఆవిడ "తీగ" అనలేదు. వస్తూనే నా ముఖం చూసింది. తర్వాత వీడి పిడికిలి చూసింది. "ఓరి నీ దుంపతెగ, నువ్వా!" అని గోడకు ఆనుకుని నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. ఇద్దరూ కలిసి ఆ పిడికిలి విప్పడానికి నానా తిప్పలూ పడ్డారు. వీడు గుక్కపెట్టి ఏడ్చాడు కూడా.

ఇంత గోలా నీ కుర్చీకి బారెడు దూరంలో జరిగింది. నువ్వు లేవలేదు. నోరు తెరిచి గురక పెడుతున్నావు. మరదలు పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, మోగుతున్న మిషన్నీ నిన్నూ చూసి, చప్పుడు చెయ్యకుండా అక్కడే నిలబడిపోయింది. "లేపొద్దు వదినా" అని సైగ చేసింది.

రేపు పొద్దున నన్ను తీసుకెళ్తారు. భయం పోయిందని చెప్పను, ఉంది. అప్పటికి నువ్వు లేచి ఉంటావుగా, అప్పుడు చూద్దువుగాని నన్ను. ఇప్పుడు పడుకో. ఈ కాగితం మరదలి చేత నీ చొక్కా జేబులో పెట్టిస్తున్నాను.

పిడికెడుగాణ్ణి నేను చూస్తున్నాను.

అక్క